ఊరి బడి ఎవరిది? రెండు వందల ఏళ్ల లెక్క

మనలో ఎక్కువ మందిమి చదివిన బడి గేటు మీద ఒక బోర్డు ఉంటది. చిన్న బడి అయితే 'మం.ప.ప్రా. పాఠశాల', పెద్ద బడి అయితే 'జి.ప. ఉన్నత పాఠశాల'. మండల పరిషత్, జిల్లా పరిషత్ అన్నమాట. ఏళ్ల తరబడి ఆ బోర్డు కింద నుంచి లోపలికి పోయినం, బయటికి వచ్చినం. ఆ అక్షరాలు ఏం చెప్తున్నయో ఆగి ఆలోచించినోళ్లం తక్కువ. పరిషత్ అంటే మన ఓట్లతో ఏర్పడే సభ. ఆ లెక్కన ఆ బడి ఎక్కడో రాజధానిలో ఉన్న ఆఫీసుది కాదు, మనదే. మరి వాన పడితే కారే తరగతి గదిని చూసి 'సర్కారోళ్లు పట్టించుకోరు' అని ఎందుకు అంటున్నం? మన బడి ఎప్పుడు వాళ్ల బడి అయింది? మళ్లీ ఊరి చేతికి వచ్చిన చోట ఎట్లా వచ్చింది? ఈ వ్యాసంలో ఆ సంగతులు చెప్తాను.

నేను పంతుల్ని కాదు. డిప్లొమా చేసి సైటు మీద పని చేయించేవాణ్ని. మా పనిలో ఏ బిల్డింగు దగ్గరైనా మూడు సంగతులు చూస్తం. డబ్బు ఎవరిది? పని దగ్గరుండి చూసేది ఎవరు? తేడా వస్తే అడిగేది ఎవరు? ఈ మూడింటికీ జవాబు ఉన్న సైటులోనే పని నిలబడుతుంది. ఊరి బడి చరిత్రను కూడా నేను ఈ మూడు ప్రశ్నలతోనే చదివిన.

అరుగు మీది బడి

సర్కారు బడి రాకముందు మన ఊళ్లలో చదువే లేదనుకోవద్దు. 1822 జూన్‌లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తన కింది కలెక్టర్లందరినీ ఒక లెక్క అడిగాడు. మీ జిల్లాలో ఎన్ని బడులు ఉన్నాయి, ఎంతమంది పిల్లలు చదువుతున్నారు అని. ఆ లెక్కలు చేరిన తర్వాత 1826 మార్చిలో ఆయన రాసిన నివేదిక ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులు, 1,88,650 మంది చదువుకునేవాళ్లు ఉన్నారు.

వీటిలో బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఎక్కువ వివరంగా ఉంది. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లాలో మొత్తం 533 బడులు. అందులో 235 కన్నడం, 226 తెలుగు. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. పిల్లలు నేల మీద ఇసుక పరిచి వేలితో అక్షరాలు దిద్దేవారు. కాస్త ముందున్న పిల్లవాడు వెనకున్న పిల్లవాడికి నేర్పేవాడు. మద్రాసులో పనిచేసిన ఆండ్రూ బెల్ అనే పాదిరి ఇలాంటి పద్ధతినే ఇంగ్లండుకు తీసుకుపోయి 'మద్రాసు పద్ధతి' పేరుతో ప్రచారం చేశాడు. వాళ్లు మనకు నేర్పిన కథలు చాలా విన్నం. వాళ్లు మన దగ్గర నేర్చుకున్నది కూడా ఉంది.

ఆ బడిని నడిపింది ఊరే. పంతులుకు సర్కారు జీతం లేదు. పిల్లల ఇళ్ల నుంచి నెలకు కొంత డబ్బో, పంట మీద కొంత ధాన్యమో ఇచ్చేవారు. దసరా వస్తే పంతులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు, ఇచ్చిన కానుక తీసుకునేవాడు. డబ్బు ఊరిది, చూసేది ఊరు, అడిగేది ఊరు. పంతులు చెప్పకపోతే పిల్లవాడు రావడం మానేస్తాడు, గింజలు ఆగిపోతాయి.

ఇంతవరకు చదివి 'పాత రోజులే బంగారం' అని అనుకోకండి. అదే బళ్లారి లెక్కలో 6,641 మంది పిల్లలుంటే ఆడపిల్లలు 60 మంది. దళిత కుటుంబాల పిల్లలకు చాలా చోట్ల ఆ అరుగు ఎక్కే దారే లేదు. ఊరు బడిని నడిపింది నిజమే, కానీ ఊరంతా అందులో లేదు. ఈ మాట గుర్తుపెట్టుకుంటే తర్వాతి చరిత్ర బాగా అర్థమైతది.

క్యాంప్‌బెల్ ఇంకో సంగతి కూడా దాచకుండా రాశాడు. సీమ బట్ట వచ్చి ఇక్కడి నేతగాళ్ల బతుకు దెబ్బతిన్నదని, జనం బీదవాళ్లై పిల్లల్ని చదువు మాన్పించి పనికి పంపుతున్నారని, బడులు తగ్గిపోతున్నాయని. ఇంటి కష్టం పిల్లవాడి బడి మీద పడటం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ కష్టం నుంచే మనలో చాలామందిమి విమానం ఎక్కినం.

బోర్డు స్కూలు, ఖాన్గీ బడి

కోస్తా, రాయలసీమ జిల్లాల్లో 1884 స్థానిక బోర్డుల చట్టం తర్వాత తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు బడులు నడిపాయి. పెద్దవాళ్లు ఇప్పటికీ 'బోర్డు స్కూలు' అనే మాట అక్కడిదే. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. చదువు కోసం ప్రత్యేకంగా పన్ను వేసుకునే వీలు, కొన్ని చోట్ల బడిని తప్పనిసరి చేసే వీలు ఆ చట్టం ఇచ్చింది. పంతులుకు జీతం వచ్చింది. కులం పేరు చెప్పి గేటు దగ్గర ఆపే అధికారం, చట్టం లెక్కలోనైనా, మెల్లగా తగ్గింది. ఇది చిన్న మార్పు కాదు. కానీ అడిగే చోటు మాత్రం ఊరి అరుగు నుంచి తాలూకా కచేరికి జరిగింది.

తెలంగాణలో కథ వేరు. నిజాం రాజ్యంలో పై చదువు ఉర్దూలో. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ కూడా ఉర్దూ మాధ్యమమే. ఊళ్లలో తెలుగు చదువు చెప్పింది ఎక్కువగా ఖాన్గీ బడులు, అంటే ప్రైవేటుగా ఊరోళ్లు పెట్టుకున్నవి. వాటికీ సర్కారు అనుమతి కావాలి. అందుకే తెలుగు బడి అడగడం అక్కడ రాజకీయం అయింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయంగా మొదలైంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. మాతృభాషలో చదువు ఆ సభల ముఖ్యమైన కోరికల్లో ఒకటి. అంతకు ముందే, 1910లో, భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో దళిత పిల్లల కోసం బడి తెరిచారు. అరుగు మీద చోటు ఇవ్వని ఊరికి ఎదురుగా, తమ బడి తామే పెట్టుకున్నారు. ప్రజల భాగస్వామ్యం అంటే ఇట్లాంటిది కూడా.

షాద్‌నగర్ నుంచి మండలం దాకా

1959 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ప్రధాని నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. రాజస్థాన్ తర్వాత దేశంలో ఆ పని చేసింది ఆంధ్రప్రదేశే. ప్రాథమిక బడులు పంచాయతీ సమితి కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్ కిందికి వచ్చాయి. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చాక 'సమితి బడి' కాస్త 'మండల పరిషత్ బడి' అయింది. మన గేటు మీది అక్షరాల పుట్టుక అదే.

ఆ కాలంలో ఊళ్లు చాలా ఇచ్చాయి. ఒకరు ఎకరం భూమి ఇస్తే ఇంకొకరు దూలాలు ఇచ్చారు. బండ్లున్నవాళ్లు రాయి తోలారు. లేనివాళ్లు శ్రమదానంలో మట్టి మోశారు. పాత బడుల గోడల్లో దాతల పేర్లు చెక్కిన పలకలు ఇప్పటికీ కనిపిస్తాయి. మట్టి మోసినోళ్ల పేర్లు ఏ పలక మీదా ఉండవు. సైటులో పనిచేసే మనకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

అయితే గోడ ఊరు కట్టినా, లోపల పాఠం సంగతి ఊరికి అందలేదు. సారు ఎక్కడికి రావాలి, ఎప్పుడు బదిలీ కావాలి అనేది పైన తేలేది. పంచాయతీ ఎన్నికలే ఏళ్ల తరబడి వాయిదా పడేవి. సారు రాకపోతే ఊరోళ్లు పెద్దమనిషి దగ్గరికో నాయకుడి దగ్గరికో పోయి దండం పెట్టి చెప్పుకోవాలి. అడిగే హక్కు పోయి బతిమాలుకునే పద్ధతి వచ్చింది. నా లెక్కలో మన బడి వాళ్ల బడి అయింది ఇక్కడే.

రంగారెడ్డి జిల్లా నేర్పింది

1990లలో గాలి మారింది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగ్గ విషయాల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్యను చేర్చింది. బ్రిటన్ సాయంతో రాష్ట్రంలో ప్రాథమిక విద్యా పథకం నడిచి గదులు, సార్లకు శిక్షణ వచ్చాయి. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం, అదే డీపీఈపీ, మొదట ఐదు జిల్లాల్లో మొదలైంది: కరీంనగర్, వరంగల్, కర్నూలు, నెల్లూరు, విజయనగరం. మనలో ముప్పై దాటిన కరీంనగర్, వరంగల్ తమ్ముళ్లు కొందరు ఆ గదుల్లోనే కూర్చుని చదివి ఉంటారు.

కానీ నాకు అన్నిటికన్నా పెద్ద పాఠం అనిపించింది రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరు మీద 1981లో పెట్టిన సంస్థ అది. శాంతా సిన్హా నాయకత్వంలో 1990లలో అది పట్టుకున్న మాట ఒక్కటే: బడికి పోని ప్రతి పిల్లా బాల కార్మికురాలే, ప్రతి పిల్లవాడూ బాల కార్మికుడే. పశువులు కాసినా, ఇంట్లో చంటిపిల్లను ఎత్తుకున్నా, పత్తి చేలో పూత దులిపినా లెక్క ఒక్కటే.

వాళ్లు వేరే బడులు పెట్టలేదు. పనిలో ఉన్న పిల్లల్ని తెచ్చి శిబిరాల్లో కొన్ని నెలలు చదువు అందించి, వయసుకు తగ్గ తరగతిలో సర్కారు బడిలోనే చేర్చారు. ఇక్కడ అసలు సంగతి మొదలైంది. ఒక్కసారిగా పిల్లలు వచ్చేసరికి గదులు చాలలేదు, సార్లు చాలలేదు. అప్పుడు ఊరు కూర్చుంది. సర్పంచ్, యువకులు, తల్లిదండ్రులు కలిసి కమిటీలు అయ్యారు. కొన్ని చోట్ల చందాలు వేసుకుని అదనంగా ఒక టీచరును పెట్టుకున్నారు. అంతటితో ఆగకుండా ఖాళీ పోస్టు ఎందుకు నింపలేదని మండలంలో, జిల్లాలో అడిగారు. సార్లు కూడా ఎదురు నిలబడలేదు. బాల కార్మిక విమోచన వేదిక పేరుతో ఉపాధ్యాయులే సంఘంగా ఏర్పడి ఊరితో కలిసి పనిచేశారు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో బాలల హక్కుల జాతీయ కమిషన్‌కు ఆమే మొదటి అధ్యక్షురాలు.

ఇందులో డబ్బు చిన్నది, అడగడం పెద్దది. చందాతో పెట్టుకున్న టీచరు తాత్కాలికం. పోస్టు నింపించుకోవడం శాశ్వతం. ఊరు మొదటి పనితోనే ఆగిపోయి ఉంటే సర్కారు బాధ్యతను బీదవాళ్ల జేబు మీద వేసినట్లు అయ్యేది. రెండోది కూడా చేశారు కాబట్టే బడి నిలబడింది.

కమిటీ చేతిలో సిమెంటు

1998లో ఉమ్మడి రాష్ట్రం పాఠశాల విద్యలో ప్రజా భాగస్వామ్యం కోసం ఒక చట్టమే చేసింది. తల్లిదండ్రుల్లోంచి ఎన్నికైన బడి కమిటీలు వచ్చాయి. 2001 తర్వాత సర్వశిక్షా అభియాన్‌లో తరగతి గదుల పని కాంట్రాక్టరుకు కాకుండా ఊరి కమిటీకి అప్పగించే పద్ధతి పెట్టారు. 2003లో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు వంట మహిళా సంఘాల చేతికి వచ్చింది. బిల్లులు ఆలస్యమైనా అప్పు తెచ్చి పొయ్యి ఆరకుండా చూసిన అక్కలు మన ఊళ్లలోనే ఉన్నారు.

తర్వాత రెండు రాష్ట్రాలూ ఇదే దారిలో పెద్ద పనులు పెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్ 14న ఒంగోలులో 'మన బడి నాడు-నేడు' మొదలైంది. పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారా. మొదటి దశలో దాదాపు 15,700 బడులు. తెలంగాణలో 2022 మార్చి 8న వనపర్తిలో 'మన ఊరు – మన బడి' మొదలైంది. మొత్తం 26,065 బడులకు 7,289 కోట్ల రూపాయల అంచనా, మొదటి దశకు 9,123 బడులు. బిల్లులు రాక పని మధ్యలో ఆగిన బడులూ ఉన్నాయి. 2024లో తెలంగాణ 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలు పెట్టి చిన్న చిన్న పనుల్ని మహిళా సంఘాల నాయకత్వానికి ఇచ్చింది.

ఇక్కడ నా పని సంగతి ఒక్కటి చెప్త. కమిటీ చేతికి డబ్బు వచ్చినంత మాత్రాన స్లాబు గట్టిపడదు. స్లాబు పోసిన రోజు అందరూ ఉంటారు, కొబ్బరికాయ కొడతారు. ఆ తర్వాత రోజుల తరబడి దానికి నీళ్లు పట్టాలి. ఆ నీళ్లు పట్టే మనిషి ఎవరో ముందే తేలకపోతే ఎంత మంచి సిమెంటు వేసినా పగుళ్లు వస్తయి. టాయిలెట్ కట్టి నీళ్ల లైను వేయకపోతే కొన్నాళ్లకే దానికి తాళం పడుతుంది, ఆడపిల్లలు ఇంటి దారి పడతారు. కమిటీలు కూడా అంతే. కమిటీ వేసిన రోజు ఫోటో ఉంటుంది. తర్వాత చాలా చోట్ల జరిగింది ఏమిటంటే, తీర్మానాల పుస్తకం ఇంటికి పంపి సంతకం పెట్టించుకోవడం. ఏం రాసి ఉందో చదవకుండానే పెట్టడం. ఎన్నికలు టైముకు పెట్టకపోవడం. నీళ్లు పట్టని స్లాబు అది.

చట్టంలో మన ఇంటికి ఉన్న కుర్చీ

2010 ఏప్రిల్ 1 నుంచి విద్యా హక్కు చట్టం అమలులోకి వచ్చింది. అందులో 21వ సెక్షన్ ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. బలహీన వర్గాల వాళ్లకు వాళ్ల పిల్లల సంఖ్యకు తగ్గట్టు చోటు ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి నడిచే తీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేసి పంపడం, వచ్చిన నిధులు ఎట్లా ఖర్చయ్యాయో చూడటం ఆ కమిటీ పని. బళ్లారి లెక్కలో 60 మంది ఆడపిల్లలు ఉన్న చోటు నుంచి, కమిటీలో సగం మంది మహిళలు ఉండాలనే చోటుకు రావడానికి దాదాపు 190 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మన సంగతి. మనం ఇక్కడ క్యాంపులో ఉంటం, ఊళ్లో ఉండేది ఇంటామె. బ్యాంకు పని, రేషన్ పని, ఆసుపత్రి పని అన్నీ ఆమే చూసుకుంటున్నది. చట్టం ఆ కుర్చీ పెట్టింది ఆమె కోసమే. సర్కారు బడిలో పిల్లలున్న గల్ఫ్ కుటుంబాలు ఊరికి ఎన్ని ఉన్నాయో లెక్కేయండి. అందులో ఎంతమంది అక్కాచెల్లెళ్లు కమిటీ మీటింగుకు పోతున్నారు? పోయి రెండు మాటలు అడుగుతున్నారు? 'నువ్వెందుకు పోవుడు' అని ఫోనులో అన్నది మనమే అయితే, ఆ కుర్చీ ఖాళీగా ఉండటానికి సర్కారును అనలేం.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ఇక్కడ ఎండలో సంపాదించిన దిర్హమ్, రియాల్ ఊరికి పోగానే మొదట కట్టేది ప్రైవేటు బడి ఫీజు, వ్యాను కిరాయి. పిల్లలు మనలెక్క కావద్దని ఏ తండ్రికైనా ఉంటది, అందులో తప్పు లేదు. ఇంగ్లీషు మీడియం కోసం అనేవాళ్లు తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చిన సంగతి తెలుసుకోండి. చెప్పే తీరు బాగుందా లేదా అనేది పోయి చూడాల్సిందే. కానీ ఒక లెక్క మర్చిపోవద్దు. కమిటీలో కూర్చునేది ఆ బడి పిల్లల తల్లిదండ్రులు. గట్టిగా అడగగలిగిన కుటుంబం పిల్లల్ని తీసుకుపోతే బడి నుంచి ఒక సంఖ్యే కాదు, ఒక గొంతు పోతుంది. మిగిలేది అడగడానికి భయపడే కూలి కుటుంబాలు. పిల్లలు తగ్గారని పోస్టు తీస్తారు, పోస్టు తీశారని ఇంకొందరు పోతారు. అట్లా బడికి తాళం పడితే, వ్యాను ఫీజు కట్టలేని ఇంటి పిల్లకు ఇంక ఏ దారీ ఉండదు.

మన ఊరి వాట్సాప్ గ్రూపుల్లో గుడికి, కమానుకు చందాలు బాగానే పోగవుతయి. బడికి కూడా ఇద్దామనే మాట ఈ మధ్య వినపడుతున్నది, మంచిదే. ఇచ్చేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకుందాం. ముందు కమిటీ తీర్మానం చదవాలి. డబ్బు మనిషి చేతికి కాకుండా కమిటీ ఖాతాకే పోవాలి. పెయింటుకు ముందు నీళ్లు, టాయిలెట్, వైరింగు చూడాలి. కట్టినదాన్ని ఏడాది పాటు చూసుకునే మనిషి ఎవరో రాసి ఉండాలి. సర్కారు ఇవ్వాల్సిన పోస్టు, సర్కారు ఇవ్వాల్సిన గది సంగతి ఆ తీర్మానంలోనే పైకి రాసి పంపాలి. మన చందా ఆ అడగడానికి తోడుగా ఉండాలి, దానికి బదులు కాకూడదు.

ఈసారి సెలవు మీద ఊరికి పోయినప్పుడు బడికి పోయి రెండు పుస్తకాలు చూపించమని మర్యాదగా అడగండి: హాజరు పట్టిక, తీర్మానాల పుస్తకం. మీ ఇంటామెను కూడా వెంట తీసుకుపోండి. మీరు మళ్లీ ఫ్లైటు ఎక్కుతారు. ఆమె అక్కడే ఉంటుంది, తర్వాతి మీటింగుకు పోవాల్సింది ఆమెనే.